శిబిరమునకు పోవుటకు ముందు



ఈ పూట నేను చెప్పబూనిన సంగతి చూచుటకు చిన్నది. కాని దానినిబట్టియే ఎన్నియో కుటుంబములకు నెలనెలా అందవలసిన సాయము అందుటయో, తప్పిపోవుటయో నిర్ణయమగుచున్నది. కాలో చేయియో చెడినవారు, చూపు తగ్గినవారు, వినికిడి పోయినవారు, బుద్ధి యెదుగనివారు, పక్షవాతమున పడినవారు ప్రభుత్వ సహాయమును కోరునప్పుడు మొదట వైద్యుల యెదుటికి రావలయును. వైద్యులు పరీక్షించి, వైకల్యము నూటికి ఇంత యని అంకె వేసి ధ్రువపత్రము నిత్తురు. మన రెండు తెలుగు రాష్ట్రములందును ఈ పరీక్షను జనులు సదరం శిబిరమని పిలుచుచున్నారు. నేను ఎముకల వైద్యుడనుగా కొన్ని యేండ్లు ఇట్టి శిబిరములలో బల్లకు ఆవలి ప్రక్కను కూర్చుంటిని. ఈవలి ప్రక్క నిలుచువారికి ముందుగా ఏమి తెలిసియున్నచో మేలు కలుగునో, అదియే నేడు మనవి చేయుదును.

ఈ మాటలు వికలాంగులకు చెప్పక పెద్దలకేల చెప్పవలెనని మీరు అడుగవచ్చును. మన పల్లెలలో కాగితము చదివించుకొనవలసివచ్చినను, ఊరు దాటి పోవుటకు తోడు కావలసివచ్చినను జనులు మీ గడపకే వత్తురు. మీ మాటను నమ్మి బండి యెక్కుదురు. కావున మీకు తెలిసినచో ఊరంతటికిని తెలిసినట్లే.

ముందుగా చట్టము సంగతి. 1995లో చేసిన పూర్వపు చట్టము ఏడు విధముల వైకల్యములను మాత్రమే గుర్తించెను. 2016లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చి, ఆ సంఖ్యను 21కి పెంచెను. అంధత్వము, చెవుడు, కాలుచేతుల వైకల్యము, బుద్ధిమాంద్యము మనమెరిగినవే. వానికి తోడు మనోవ్యాధులు, కుష్ఠు నయమైన పిదప మిగిలిన అవకరము, మరుగుజ్జుతనము, వణుకుడు జబ్బగు పార్కిన్సన్ వ్యాధి, తలసీమియా, హీమోఫీలియా, మన గిరిజన గూడెములలో కానవచ్చు సికిల్ సెల్ రక్తవ్యాధి, ఆమ్లదాడికి గురియైనవారి గాయములు మొదలగునవి యిందు కలవు. మన ఊరిలో వీరికి హక్కు కలదని తెలియక ఇంటిలోనే కూర్చున్నవారు ఉందురు. 2011 జనాభా లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు నమోదైరి. అందులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు చెందినవారు 22 లక్షల 66 వేలమంది. ఆ లెక్క నాటి ఏడెనిమిది విధములకే పరిమితమైనదని గుర్తుంచుకొనుడు.

ఈ చట్టము 40 శాతమును గట్టుగా వేసినది. గట్టునకు ఈవల నున్నవారికే ముఖ్యమైన లాభములు దక్కును. విద్యాలయములలో నూటికి 5 స్థానములు, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 స్థానములు, 6 నుండి 18 సంవత్సరముల వయస్సుగల పిల్లలకు ఉచిత విద్య వీరికే. పింఛను విషయమున ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలకును, మంచమునకే పరిమితమైనవారికి 15,000 రూపాయలకును పెంచిరి. తెలంగాణమున 2023లో 4,016 రూపాయలకు పెంచిరి. పొలము పనికి పోజాలని మనిషికి ఆ మొత్తమే మందులకును బియ్యమునకును ఆధారము. 39 వచ్చినవానికిని 40 వచ్చినవానికిని నడుమ నున్న భేదము ఒక్క అంకె మాత్రమే. వారి యిండ్లలో ఆ భేదము మిక్కిలి పెద్దది. 2025లో ఆంధ్రప్రదేశమున అప్పటికే పింఛను తీసికొనుచున్నవారిని మరల పరీక్షింపగా, 40 శాతమునకు తక్కువ యని తేలినవారికి నోటీసులు వచ్చినవి. ఆనాడు పాత కాగితములు పోగొట్టుకొన్నవారు పడిన ఆందోళన మీలో అనేకులు కన్నులార చూచియే యుందురు.

ఇక వైద్యుడు ఏమి కొలుచును? ఇది సరిగా తెలిసినచో సగము పని యైనట్లే. వైద్యుడు వ్యాధి పేరును కొలువడు. బీదతనమును కొలువడు. ఎన్ని యేండ్లు బాధపడినారో, ఎన్ని లక్షలు ఖర్చైనదో కొలువడు. శరీరముగాని మనస్సుగాని ఏ పనిని చేయలేకపోవుచున్నదో, అది యెంత మేరకు శాశ్వతమో, దానినే కొలుచును. చికిత్సతో బాగుపడునదానిని శాశ్వత వైకల్యముగా వ్రాయడు. పక్షవాతము వచ్చిన రెండవ మాసముననే రోగిని మోసికొని వచ్చువారున్నారు. శరీరము ఇంకను కోలుకొనుచుండు కాలమది. సాధారణముగా ఆరు మాసములైనను గడువక శాతము తేల్చరు. అట్లే కంటి పొర ముదిరినవారికి ముందు శస్త్రచికిత్స చేయించుకొమ్మని చెప్పుదురు.

కంటి చూపును అద్దములు పెట్టి, రెండు కన్నులలో మెరుగైనదాని లెక్కన చూతురు. ఆరోగ్యవంతుడు 60 మీటర్ల దూరమునుండి గుర్తింపగల అక్షరమును 3 మీటర్ల దగ్గర నుండియు గుర్తింపలేనివాడు చట్టము దృష్టిలో అంధుడు. చూపు ఉన్నను చుట్టుప్రక్కలు కనబడక గొట్టములోనుండి చూచినట్లుండువారిని గూడ లెక్కింతురు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవది బాగుగానున్నచో వచ్చునది 30 శాతమే. ఇది తెలియక ఒంటికన్నువారు పింఛను వచ్చునని ఆశపడి వచ్చి, నిరాశతో మరలిపోవుట నేను పలుమారులు చూచితిని.

చెవి విషయమున యంత్రము తీసివేసి, గదిలో కూర్చుండబెట్టి, సన్నని ధ్వనులను వినిపించి కొలుతురు. మనము ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొను గొంతు ఇంచుమించు 60 డెసిబెల్‌లు. రెండు చెవులును 60 నుండి 70 వరకు వినికిడి కోల్పోయినచో చట్టము వారిని వినికిడి తగ్గినవారనును. 70 అంతకు మించినచో చెవిటివారనును. ఇచ్చట మంచి చెవికి అయిదు వంతులు, చెడిన చెవికి ఒక వంతు లెక్క. కావున ఒక్క చెవి మాత్రము పూర్తిగా పోయినవానికి 17 శాతము దరిదాపుగా వచ్చును. చెవిలో గుబిలి నిండియున్నచో పరీక్ష చెడును. వారము ముందుగానే ఆసుపత్రిలో తీయించుకొనవలయును.

కాలుచేతుల పరీక్ష నా పని గావున కొంచెము విపులముగా చెప్పుదును. కీలు ఎంతవరకు వంగుచున్నదో కోణమానినితో కొలిచెదము. కండబలమును సున్న నుండి అయిదు వరకు అంకెలతో గుర్తింతుము. పిమ్మట పనులు చేయించి చూచెదము. కాలైనచో చదునైన నేలపై నడచుట, ఏటవాలుపై నడచుట, మెట్లెక్కుట, రెండు కాళ్లపై నిలుచుట, చెడిన కాలిపై నిలుచుట, గొంతుక కూర్చుండుట, బాసిపట్టు వేసికొనుట, మోకాళ్లపై నిలుచుట, ప్రక్కకు తిరుగుట. చేయియైనచో తలపైనున్న వస్తువును దించుట, ముక్కు కొన తాకుట, అన్నము కలుపుకొని తినుట, తల దువ్వుకొనుట, చొక్కా తొడుగుకొనుట, గుండీ పెట్టుకొనుట, పంచె ముడి వేసికొనుట, నీరు త్రాగుట, కాలకృత్యముల పిదప శుభ్రపరచుకొనుట, వ్రాయుట. చూచితిరా, ఇవన్నియు మన యింటి పనులే. నొప్పికి లెక్కలో చోటున్నది గాని అది చిన్నది. కావున నొప్పి యెంత యని చెప్పుటకంటె, ఆ నొప్పివలన ఏ పని ఆగిపోయినదో చెప్పుట మేలు.

రెండు వైకల్యములున్నవారు రెండంకెలను కలుపుకొని చూచుకొందురు. అట్లు కలుపరు. కాలికి 40, కంటికి 20 వచ్చినచో మొత్తము 60 కాదు. 50కి కొంచెము మాత్రమే పైన నుండును. మిగిలియున్న శక్తిలోనుండియే రెండవదానిని తీసివేయు సూత్రమొకటి కలదు. ఇది ముందుగా తెలిసినచో, డాక్టరు తన్ను మోసగించెనని ఎవ్వరును అనుకొనరు.

మనోవ్యాధికి వేరొక కొలత. తన శరీరమును తాను చూచుకొనుట, ఇతరులతో మెలగుట, మాటలాడి తెలిసికొనుట, పని చేయుట అను నాలుగింటిని చూచి, జబ్బు ఎన్ని యేండ్లనుండి యున్నదో దానిని గూడ చేర్చి లెక్కింతురు. ఈ నాలుగింటిని గూర్చి రోగి చెప్పజాలడు. కూడ నివసించువారే చెప్పవలయును. బుద్ధిమాంద్యముగల పిల్లలకు బుద్ధిశక్తి పరీక్షతో పాటు, ఆ వయస్సు పిల్లలు చేయవలసిన పనులలో ఎన్ని చేయుచున్నారో తల్లిని అడుగుదురు.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట. మన జనుల నోట "బాగానే ఉన్నాను" అను మాట ఊపిరి వలె అప్రయత్నముగా వచ్చును. అది మంచి మర్యాద. కాని పరీక్ష బల్ల యెదుట ఆ మర్యాదయే నష్టము తెచ్చును.

తాటిచెట్టు మీదినుండి పడి నడుము దెబ్బతిన్న గీత కార్మికుడొకడు శిబిరమునకు వచ్చెను. ఉతికిన పంచె కట్టి, క్షౌరము చేయించుకొని వచ్చెను. వెనుక ఆయన భార్య నిలిచియుండెను. "నడవగలవా?" అని అడిగితిని. "నడుస్తాను సారూ, నాకేమి" అనెను. "మెట్లు ఎక్కగలవా?" "ఎక్కుతాను." "నీ పనులు నీవే చేసుకొంటావా?" "చేసుకొంటాను." అబద్ధమాడుటలేదు. ఇరువది యేండ్లు నిలువుచెట్టు నెక్కిన మనిషి, భార్య యెదుట, అపరిచితుల నడుమ, నాకు చేతకాదని యెట్లు చెప్పును? నేను భార్యవైపు తిరిగి, "అమ్మా, నిన్న తెల్లవారినది మొదలు పడుకొన్నదాకా ఏమేమి జరిగినదో నీవు చెప్పు" అంటిని. ఆమె కొంగు నోటికడ్డము పెట్టుకొని మెల్లగా చెప్పెను. ఆయన నడచునట, గోడ పట్టుకొని. మెట్లెక్కునట, రెండు మెట్లెక్కి కూర్చుండి మరల రెండెక్కును. గొంతుక కూర్చుండలేడు గావున కుర్చీకి నడుమ రంధ్రము చేయించినారట. రాత్రి ప్రక్క తిరుగవలెనన్న ఆమె లేచి త్రిప్పవలయునట. ఆమె చెప్పుచున్నంతసేపును ఆయన తల వంచుకొని నేలవైపే చూచుచుండెను. తరువాత ఒక్కొక్క పనియు చేయించి చూచితిని. ఆమె చెప్పినది అక్షరాల నిజము. ఆమె తోడు రానిచో ఆయన నోటిమాటలతో వ్రాయబడు కాగితము వేరుగా నుండెడిది.

ఈ సంగతినుండి నేను నాలుగు ప్రశ్నలు కూర్చుకొంటిని. శిబిరమునకు పోవువారిని మీరు ముందుగా ఇంటివద్దనే కూర్చుండబెట్టి అడుగుడు. ఈ పని ఎంతసేపు, ఎంత దూరము చేయగలవు? ఎవరి సాయముతో, దేనిని పట్టుకొని చేయుదువు? చేసిన పిదప ఏమగును, ఎంతసేపు పడుకొనవలసివచ్చును? వారములో ఎన్ని దినములు చేయగలవు, ఎన్ని దినములు చేయలేవు? "నడుస్తాను" అను మాటలో సత్యము సగమే. "ఇంటినుండి రామాలయము దాకా కర్రతో నడచి, అచ్చట అరుగు మీద కూర్చుండి, అరగంటకు గాని లేవలేను" అనుమాట పూర్తి సత్యము. పదునైదు దినములపాటు ఒక చిన్న పుస్తకములో ప్రతిదినమునకు రెండు పంక్తులు వ్రాసికొనుట మంచిది. చదువురానివారికి బడికి పోవు మనుమడుగాని మనుమరాలుగాని వ్రాసిపెట్టవచ్చును. మంచి దినమును, చెడ్డ దినమును రెండును వ్రాయవలయును.

నిజమును తగ్గించి చెప్పుట ఎంత హానియో, పెంచి చెప్పుటయు అంతే హాని. "కుంటినట్లు నడువుము, వినబడనట్లు నటింపుము" అని నేర్పువారు ప్రతి యూరిలోను ఒకరిద్దరుందురు. వారి మాట వినవలదు. మనిషి గుమ్మములో అడుగుపెట్టినది మొదలు వైద్యుడు చూచుచునే యుండును. ఏళ్లతరబడి వాడని కాలి కండ ఎండిపోవును. టేపుతో కొలిచిన చాలును, అది తెలియును. ఏ వైపు బరువు మోపుచున్నాడో అరిగిన చెప్పు చెప్పును. చంకకర్ర నిజముగా వాడువాని అరచేతిలో కాయలు కాచియుండును. వినికిడి విషయమున సందేహము కలిగినచో, రోగి సమాధానముతో పనిలేకుండ మెదడు స్పందనను పట్టు యంత్రము కలదు. పైగా ఒక్కచోట నటన బయటపడినచో, మిగిలిన నిజమును గూడ వైద్యుడు నమ్మజాలడు. వికలాంగులకుద్దేశించిన లాభమును మోసముచేత పొందువానికి రెండేండ్ల వరకు జైలుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని 2016 చట్టమునందలి 91వ విభాగము చెప్పుచున్నది. అన్నింటికిమించి, దొంగ కాగితములు పెరిగినకొలది ప్రభుత్వము నిజమైన వికలాంగులనే పదేపదే పిలిచి పరీక్షించును.

ఇక సన్నాహమును వరుసగా చెప్పుదును. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్నారు.

మొదటిది దరఖాస్తు. శిబిరపు తేదీని ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములోను మీసేవా కేంద్రములోను వ్రాయించుకొనుట అలవాటైన పద్ధతి; తెలంగాణమున పూర్వము మీసేవా కేంద్రములో వ్రాయించుకొనెడివారు. కేంద్రప్రభుత్వము వారి స్వావలంబన్ అను అంతర్జాల ద్వారమున దరఖాస్తు పెట్టుకొను మార్గమును గలదు. ఆధార్ కార్డులో పేరు, పుట్టిన తేదీ, ఊరు సరిగా నున్నవో లేవో అంతకు ముందే చూచుకొనవలయును. ఆధార్‌లో ఒక పేరు, ఆసుపత్రి కాగితములో ఒక పేరు ఉన్నచో తరువాత చిక్కు వచ్చును. కుష్ఠు వచ్చి తగ్గినవారికిని, మట్టిపని చేసి వ్రేళ్లు అరిగినవారికిని వేలిముద్ర పడకపోవచ్చును. అట్టివారు కనుపాప గుర్తు నమోదైనదో లేదో ముందుగా విచారించుకొనవలయును. దరఖాస్తులో ఇచ్చు ఫోను నెంబరు ఇంటిలో నిలకడగా నుండువారిదై యుండవలయును. ఏలయనగా తేదీ తెలుపు సమాచారము దానికే వచ్చును.

రెండవది కాగితములు. పాత మందుచీటీలు, ఆసుపత్రినుండి పంపునప్పుడు ఇచ్చిన కాగితము, ఎక్స్‌రేలు, స్కానింగు ఫిల్ములు, రక్తపరీక్షలు, పూర్వపు ధ్రువపత్రము ఏదైన నున్నచో అదియు, అన్నింటిని తేదీల వరుసను పేర్చి ఒక సంచిలో పెట్టుడు. అసలు కాగితములు చూపుటకు, నకళ్లు ఇచ్చుటకు. అసలులను ఎవ్వరికిని వదలిపెట్టి రావలదు. ప్రస్తుతము వాడు మందులను పెట్టెలతోసహా తీసికొని పోవుట మంచిది. పేరు చెప్పలేనివారికి ఆ పెట్టెయే సాక్ష్యము. రక్తవ్యాధులు గలవారికిని, మూర్ఛలు గలవారికిని, మనోవ్యాధులు గలవారికిని చికిత్స సాగుచున్నట్లు చూపు కాగితము మిక్కిలి అవసరము; వారి వైకల్యము పైకి కానరాదు. కాగితములు పోయినవారు తమకు చికిత్స చేసిన ఆసుపత్రికి పోయి, ప్రవేశించిన సంవత్సరము చెప్పి నకలు అడుగవలయును. అడగనిదే అమ్మయైనను పెట్టదు.

మూడవది ఆ దినపు ఏర్పాటు. రోజూ వాడు కంటియద్దములు, చెవి యంత్రము, చేతికర్ర, కాలిపర్సు, కృత్రిమ పాదము అన్నియు వెంట నుండవలయును. రక్తపోటునకు, మధుమేహమునకు, మూర్ఛకు వాడు మందులను ఆ యుదయము మానరాదు. మానిన బాధ బాగుగా కనబడునని చెప్పువారి మాట ప్రాణము మీదికి తెచ్చును. దుస్తులు సులభముగా పైకి మడుచుటకు వీలైనవి ధరింపవలయును. కాలు, వీపు చూడక పరీక్ష పూర్తికాదు. ఆడువారికి తోడు ఆడువారే ఉండుట మంచిది. తిండి, మంచినీరు, కూర్చుండుటకు దుప్పటి తీసికొని పొండు. వరుస పొడవుగా నుండును. సాయంత్రమునకు గాని పిలుపు రాకపోవచ్చును. నిలువలేనివారిని వరుసలో నిలువబెట్టక, తోడువచ్చినవాడు వరుసలో నిలువవచ్చునేమో అచ్చటి సిబ్బందిని మర్యాదగా అడుగుడు.

నాలుగవది తోడు. ఎవరు తోడు పోవలయును? ఊరిలో పలుకుబడి గలవాడు కాదు; ఇంటిలో ఆ మనిషికి అన్నము పెట్టి, స్నానము చేయించువారు. వారికే నిజము తెలియును. పలుకుబడి గల పెద్దలు చేయవలసినది బండి కుదుర్చుట, కాగితములు సరిచూచుట. వైద్యునికి సిఫారసు చీటీ వ్రాయుటవలన లాభము లేదు. డెసిబెల్‌లును కోణములును సిఫారసును వినవు.

ఐదవది దళారుల సంగతి. "ఇంత ఇచ్చినచో 80 వేయించెదను" అనువాడు శిబిరము గేటు వద్దనే యుండును. వానిచేతిలో ఏమియు లేదు. న్యాయముగా 60 రావలసినవారు 60 తెచ్చుకొన్నను, అది తనవలననే వచ్చినదని సొమ్ము పుచ్చుకొనును. రాకపోయినచో కనబడడు. ఇట్లు మేకనమ్మి, చెవిదిద్దులు కుదువపెట్టి ఇచ్చినవారిని నేనెరుగుదును. ఈ ఒక్క విషయమున మీ మాట గట్టిగా నుండవలయును. శిబిరమునకు పోవువారికి బస్సు చార్జీయు, భోజనపు ఖర్చును తప్ప వేరొక ఖర్చులేదని రచ్చబండ మీద నలుగురు వినునట్లు చెప్పుడు. దరఖాస్తు కేంద్రమున నిర్ణీతమైన స్వల్ప రుసుమున్నచో దానికి రసీదు పుచ్చుకొనవలయును.

ధ్రువపత్రము చేతికి వచ్చిన పిదప దానిని పెట్టెలో దాచుటకు ముందు నాలుగు చూడుడు. పేరు సరిగా నున్నదా? వైకల్యపు రకము సరిగా వ్రాసిరా? శాతమెంత? శాశ్వతమని యున్నదా, లేక ఫలానా తేదీవరకే యని యున్నదా? తాత్కాలిక పత్రమైనచో ఆ తేదీని ఇంటి గోడ మీద వ్రాసి, గడువునకు రెండు మూడు మాసముల ముందే మరల దరఖాస్తు పెట్టవలయును. బుద్ధిమాంద్యముగల పిల్లలకు వయస్సు పెరిగినకొలది తిరిగి పరీక్ష కలదు. 18వ యేట చేసినది శాశ్వతమగును. ఈ పత్రము దేశమంతటను చెల్లును. మీ యూరివారు వలసపోయి బొంబాయిలోనో సూరతులోనో ఉన్నను ఇదియే పనికివచ్చును. దీనితోబాటు వచ్చు గుర్తింపు కార్డు మీద రంగుగీత యుండును: 40కి లోబడినచో తెలుపు, 40 నుండి 80 లోపు పసుపు, 80 మొదలు నీలము.

అంకె తక్కువ వచ్చినను, అసలే నిరాకరించినను కథ ముగిసినట్లు కాదు. నిరాకరణకు కారణమును వ్రాతమూలకముగా తెలుపవలసిన బాధ్యత వైద్యాధికారులది. ఆ కాగితము అడిగి తీసికొనవలయును. చట్టమునందలి 59వ విభాగము అప్పీలు హక్కునిచ్చుచున్నది. అప్పీలు అనగా ఆగ్రహించి మొరపెట్టుట కాదు. మొదటి పరీక్షలో చూడబడని కాగితమేది, చేయింపబడని పరీక్షయేది, ఏ పని విషయమున పొరపాటు వ్రాయబడినదో ఆ మాటను మాత్రము స్పష్టముగా వ్రాయవలయును. ఇంటివద్ద వ్రాసికొన్న పదునైదు దినముల పుస్తకము ఇచ్చట అక్కరకు వచ్చును. అంతయు చేసినను 40కి తక్కువయే వచ్చినచో, ఆ మనిషికి బాధ లేదని చట్టమనుట లేదు. గట్టునకు ఆవల నున్నాడని మాత్రమే యనుచున్నది. అతనిని దొంగయని ఊరివారు అనకుండ చూచుట మీ ధర్మము. వృద్ధాప్యపు పింఛను, వితంతు పింఛను వంటి వేరొక దారి అతని యింటికి వర్తించునేమో చూచుటయు మీ చేతిలోని పనియే.

దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చిలో మన ప్రాంతమంతయు పోలియో రహితమని ప్రపంచారోగ్య సంస్థ ప్రకటించెను. కాని అంతకుముందు పోలియో సోకిన పిల్లలు నేడు నడివయస్కులై మన నడుమ నున్నారు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన నడుము వంగిపోయినవారు ఇంకను జీవించియున్నారు. వ్యాధి పోయినను మనుష్యులు మిగిలిరి. వారిలో అనేకులు ఒక్కమారు శిబిరమునకు పోయి, తక్కువ అంకె తెచ్చుకొని, మరల పోవుటకు సిగ్గుపడి ఊరకున్నవారు.

కావున నా మనవి యిది. రాబోవు ఆదివారమున మీ వీధిలో అట్టివారు ఎందరున్నారో లెక్క వేయుడు. వారి యింటికి పోయి, పత్రము గడువు చూడుడు, కాగితముల సంచి విప్పించుడు, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను నెమ్మదిగా అడుగుడు. మొదట "నాకేమి, బాగానే ఉన్నాను" అందురు. మీరు లేచి రాక, అరుగు మీద ఇంకొంతసేపు కూర్చుండుడు. రెండవమారు అడిగినప్పుడు నిజము చెప్పుదురు. ఆ నిజమునే ఒక తెల్లకాగితము మీద వ్రాయించి వారి చేతికిండు. శిబిరమునకు కావలసిన సన్నాహములో పెద్దపాలు అదియే.

సెలవు.